ఏ కళ్లెం సడలించాలి: పాకిన క్యాన్సర్‌కు చెక్‌పాయింట్ మందుల మధ్య ఎంపిక

క్యాన్సర్ పుట్టిన చోటే ఉన్నంతకాలం కోసి తీసేయొచ్చన్న ఆశ ఉంటుంది. అది కాలేయానికో, ఊపిరితిత్తులకో, మెదడుకో పాకిందని స్కాన్‌లో తేలిన రోజున ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. క్యాన్సర్ మరణాల్లో ఎక్కువ భాగం ఈ పాకడం వల్లే కాబట్టి ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అలాంటి దశలో ఉన్నవాళ్లలోనూ కొందరు ఇప్పుడు ఐదేళ్లు, పదేళ్లు బతుకుతున్నారు. అందుకు పెద్ద కారణం చెక్‌పాయింట్ మందులు, అంటే మన రోగనిరోధక కణాలకున్న కళ్లేలను సడలించి క్యాన్సర్ మీదికి వదిలేవి. అయితే డాక్టరు గదిలో కూర్చున్నప్పుడు పెంబ్రొలిజుమాబ్, నివొలుమాబ్, ఇపిలిముమాబ్, అటెజొలిజుమాబ్ అంటూ పేర్లు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. అన్నిటినీ ఇమ్యునోథెరపీ అనే అంటారు గనక ఏదైనా ఒకటేలే అనిపిస్తుంది. ఒకటే కాదు. ఏ మందు ఏ కళ్లేన్ని ఎక్కడ సడలిస్తుంది, మన రోగి క్యాన్సర్ ఎక్కడిదాకా పాకింది, దాని జన్యువుల్లో ఏముంది అన్న మూడు సంగతులూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఎంపిక కుదురుతుంది. ఈ మూడూ తేలకుండా మొదటి సూది వేయించుకోవద్దని గట్టిగా చెబుతాను.

కణం పాకే దారిలో జరిగేది

రోగాలతో పోరాడే మన టి కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) గుర్రాల్లాంటివి. కళ్లెం లేకపోతే సొంత శరీరాన్నే తొక్కేస్తాయి. అందుకే ప్రకృతి వాటికి కళ్లేలు వేసింది. వాటినే చెక్‌పాయింట్లు అంటున్నాం. సీటీఎల్ఏ-4 అనే కళ్లెం ముఖ్యంగా లింఫ్ గ్రంథుల్లో పనిచేస్తుంది. టి కణం శత్రువును మొదటిసారి గుర్తుపట్టి రెచ్చిపోయే ఘడియలోనే దాన్ని వెనక్కి లాగుతుంది. పీడీ-1 ఆ తర్వాత, టి కణం గడ్డ దాకా చేరి పోరాడుతున్నప్పుడు పనిచేస్తుంది. గడ్డలోని కణాలు తమ ఒంటిమీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను పెంచుకుని ఆ కళ్లెం పట్టుకుని లాగుతాయి. టి కణం అక్కడే చల్లబడిపోతుంది.

క్యాన్సర్ పాకడానికీ దీనికీ సంబంధం చాలా దగ్గరిది. గడ్డ నుంచి విడివడే కణం ముందు తన ఆకారం, స్వభావం మార్చుకుంటుంది. ఆ మార్పుతోపాటే దాని మీద పీడీ-ఎల్1 పెరగడం ప్రయోగశాలల్లో కనిపించింది. రక్తంలో పడ్డాక చాలా కణాలు అక్కడే చచ్చిపోతాయి. సహజ హంతక కణాలు వాటిని వేటాడతాయి. ప్లేట్‌లెట్లను ఒంటికి అంటించుకున్న కణాలు కొన్ని తప్పించుకుంటాయి. సీడీ-47 అనే ప్రోటీన్ చూపించి, తమను మింగడానికి వచ్చిన భక్షక కణాలను ఆపేవి మరికొన్ని. ఇంకో సంగతి కూడా ఉంది: గడ్డ పీడీ-ఎల్1 అంటించిన సన్నటి తిత్తులను రక్తంలోకి వదులుతుంది. అంటే కణం ఇంకా బయల్దేరకముందే దూరాన ఉన్న టి కణాలను నీరుగార్చే పని మొదలైపోతుంది. 2018, 2019ల్లో వచ్చిన పరిశోధనలు ఈ తిత్తుల సంగతి బయటపెట్టాయి.

ఇక చేరిన అవయవం కూడా తన వంతు చేస్తుంది. కాలేయం పుట్టుకతోనే సహనం ఎక్కువున్న అవయవం. తిండితో పాటు వచ్చే ప్రతి పరాయి పదార్థం మీదా యుద్ధం చేస్తే అది బతకలేదు. అక్కడికి పాకిన క్యాన్సర్ ఈ సహనాన్ని వాడుకుంటుంది. కాలేయంలోని మాక్రోఫేజ్‌లు (భక్షక కణాలు) టి కణాలను చంపేస్తాయని, దాంతో ఒంట్లో మిగతాచోట్ల ఉన్న గడ్డల మీద కూడా మందు పట్టు తగ్గుతుందని 2021లో తేలింది. కాలేయంలో మచ్చలు (పాకిన గడ్డలు) ఉన్న రోగికి పీడీ-1 మందు ఒక్కటే ఇస్తామన్నప్పుడు, తోడుగా మరొకటి అవసరమేమోనని అడగడం న్యాయమైన ప్రశ్న.

కళ్లెం విప్పితే గడ్డ కరుగుతుందన్న సంగతిని జేమ్స్ ఆలిసన్ బృందం 1996లో ఎలుకల్లో సీటీఎల్ఏ-4తో చూపించింది. పీడీ-1ను 1992లో జపాన్‌లోని క్యోటోలో తసుకు హొంజో బృందం కనుక్కుంది. ఇద్దరికీ కలిపి 2018లో నోబెల్ వచ్చింది.

ఒక్క పీడీ-1 మందు చాలా, కీమో కూడా కావాలా

ఎక్కువమందికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో, గడ్డ కణాల్లో సగం లేదా అంతకంటే ఎక్కువ పీడీ-ఎల్1 చూపిస్తున్నవాళ్లను తీసుకుని కీనోట్ 024 ప్రయోగం చేశారు. పెంబ్రొలిజుమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ఐదేళ్లకు 31.9 శాతం బతికి ఉన్నారు; కీమోతో మొదలెట్టినవాళ్లలో 16.3 శాతం. కీమో జట్టులో చాలామందికి తర్వాత ఇదే మందు దొరికినా ఇంత తేడా మిగిలింది. నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ తెలిసినవాళ్లకు ఈ అంకె ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

పీడీ-ఎల్1 తక్కువ ఉన్నప్పుడు, లేదా రోగం పరుగు మీద ఉన్నప్పుడు కీమోను కలపడమే మంచిది. పీడీ-1 మందు పనిలోకి దిగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పీడీ-1 మందును ఒంటరిగా కీమోతో పోల్చిన కొన్ని ప్రయోగాల్లో మొదటి నెలల్లో కీమో వైపువాళ్లే మెరుగ్గా ఉండి, తర్వాత గీతలు తారుమారయ్యాయి. ఆయాసంతో, బరువు తగ్గిపోతూ వచ్చిన రోగికి ఆ మొదటి నెలలే ముఖ్యం. కాబట్టి పీడీ-ఎల్1 శాతం ఎక్కువుందన్న ఒక్క కారణంతో కీమోను పక్కన పెట్టించాలని పట్టుబట్టకండి. ఒంట్లో రోగం ఎంత ఉంది, ఎంత వేగంగా పెరుగుతోంది అని కూడా చూడాలి.

పీడీ-1 మందుకూ పీడీ-ఎల్1 మందుకూ తేడా గురించి చాలామంది తలబద్దలు కొట్టుకుంటారు. పెంబ్రొలిజుమాబ్, నివొలుమాబ్, సెమిప్లిమాబ్, డొస్టార్లిమాబ్ మొదటి రకం. అటెజొలిజుమాబ్, డుర్వాలుమాబ్, అవెలుమాబ్ రెండోది. రెండో రకంలో ఊపిరితిత్తుల వాపు కాస్త తక్కువగా కనిపించింది. అంతకుమించి, మన క్యాన్సర్‌లో ఏ మందుకు సరైన ప్రయోగం జరిగిందన్నదే చూసుకోవాలి. ఉదాహరణకు మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కీమో, రేడియేషన్ కలిపి పూర్తిచేశాక డుర్వాలుమాబ్ ఇస్తే ఐదేళ్లకు 42.9 శాతం బతికారు, ఇవ్వనివాళ్లలో 33.4 శాతం. ఆ స్థానంలో డుర్వాలుమాబే సరైనది.

రెండు కళ్లేలూ ఒకేసారి సడలిస్తే

నివొలుమాబ్‌కు ఇపిలిముమాబ్ కలిపితే, గడ్డ దగ్గరి కళ్లెమూ లింఫ్ గ్రంథిలోని కళ్లెమూ రెండూ వదులవుతాయి. పాతవాటికి తోడు కొత్త టి కణాలు కూడా పోరులోకి దిగుతాయి. అందుకే ఈ జోడీ బలం వేరు, ముప్పూ వేరు.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో దీనికి పదేళ్ల లెక్క చేతిలో ఉంది. చెక్‌మేట్ 067 ప్రయోగంలో పదేళ్లకు బతికి ఉన్నవాళ్లు జోడీతో 43 శాతం, నివొలుమాబ్ ఒక్కదానితో 37, ఇపిలిముమాబ్ ఒక్కదానితో 19. చికిత్స వల్ల తీవ్రమైన ఇబ్బందులు మాత్రం జోడీతో దాదాపు 60 శాతం మందికి వచ్చాయి, నివొలుమాబ్ ఒక్కదానితో సుమారు నాలుగో వంతు మందికి. ఈ ప్రయోగం జోడీని నివొలుమాబ్‌తో నేరుగా తూచేలా రూపొందించింది కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఆరు శాతం అదనపు ఆశ కోసం అంత ఇబ్బందిని మోయాలా? అందరూ మోయక్కర్లేదని నా అభిప్రాయం. డెబ్బై ఐదేళ్లు దాటి, గుండె, కిడ్నీల సమస్యలుండి, విరేచనాలు మొదలైన రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి పక్కన లేని రోగికి నివొలుమాబ్ ఒక్కటే ఇవ్వడం తెలివైన నిర్ణయం.

కానీ మెదడుకు పాకితే నా మాట మారుతుంది. లక్షణాలు లేని, ఇంకా రేడియేషన్ ఇవ్వని మెదడు మచ్చలున్న మెలనోమా రోగుల మీద ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగంలో, జోడీతో 46 శాతం మందిలో మెదడులోని మచ్చలు తగ్గాయి. నివొలుమాబ్ ఒక్కటే ఇస్తే 20 శాతం. రెట్టింపు దాటిన తేడా ఇది. మెలనోమా మెదడు చేరిందంటే, మనిషి ఒంట్లో సత్తువ ఉందంటే, జోడీ గురించి అడగకుండా గదిలోంచి బయటికి రావద్దు. మచ్చల వల్ల వాపు వచ్చి స్టెరాయిడ్లు వాడాల్సి వచ్చినవాళ్లలో ఫలితం ఇంత బాగుండదు. వాళ్లకు ముందు రేడియేషనో ఆపరేషనో అవసరం కావచ్చు.

ఈ రెంటికీ నడుమ ఇంకో దారి 2022 మార్చిలో వచ్చింది: నివొలుమాబ్‌తో రెలట్లిమాబ్. ఇది లాగ్-3 అనే మూడో కళ్లేన్ని సడలిస్తుంది. మెలనోమాలో రోగం పెరగకుండా ఆగిన కాలం మధ్యస్థ లెక్కన (సగంమంది దాటిన గడువు) 4.6 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది. తీవ్ర ఇబ్బందులు 9.7 శాతం నుంచి 18.9 శాతానికి. ఇపిలిముమాబ్ జోడీతో దీన్ని నేరుగా పోటీకి పెట్టి తేల్చిన పెద్ద ప్రయోగం లేదు. మెదడులో మచ్చలు లేక, ఇపిలిముమాబ్ దెబ్బ తట్టుకోలేని మనిషికి ఇది మంచి మధ్యేమార్గం.

టీఐజీఐటీ, సీడీ-47 లాంటి మరికొన్ని కళ్లేల మీద కూడా ఎంతో ఆశ పెట్టుకున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో టీఐజీఐటీ మందు టిరాగొలుమాబ్ పెద్ద ప్రయోగం నెగ్గలేదు. సీడీ-47 మందు మాగ్రొలిమాబ్ ప్రయోగాలు 2024లో ఆగిపోయాయి. ఎర్ర రక్తకణాల మీద కూడా సీడీ-47 ఉండటంతో రక్తహీనత ఆ మందుకు మొదటినుంచీ ఉన్న చిక్కు. వీటిని సరైన ప్రయోగంలో చేరితే తప్ప ఎవరు ఇస్తామన్నా తీసుకోవద్దు.

కాలేయ క్యాన్సర్: ఎంపిక గొంతు దగ్గర మొదలవుతుంది

కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్‌లో ముఖ్యంగా రెండు జోడీల మధ్య ఎంపిక ఎదురవుతుంది. అటెజొలిజుమాబ్‌తో బెవాసిజుమాబ్ కలిపితే మధ్యస్థ జీవితకాలం 19.2 నెలలు, పాత మందు సొరాఫెనిబ్‌తో 13.4. డుర్వాలుమాబ్‌తో పాటు మొదట్లో ఒకే ఒక్క డోసు ట్రెమెలిముమాబ్ ఇస్తే 16.4 నెలలు, సొరాఫెనిబ్‌తో 13.8. రెండు వేరువేరు ప్రయోగాల అంకెలను పక్కన పెట్టి ఇదే గొప్పదని తీర్పు చెప్పకూడదు. రోగులు వేరు, కాలం వేరు.

అసలు తేల్చేది రక్తస్రావం. బెవాసిజుమాబ్ రక్తనాళాల మీద పనిచేస్తుంది. సిరోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లకు అన్నవాహికలో ఉబ్బిన సిరలుంటే అవి పగిలే ప్రమాదం ఉంది. అందుకే ముందు ఎండోస్కోపీ చేయించాలి. సిరలు ఉబ్బి ఉంటే, ఈమధ్యే రక్తం కక్కుకుని ఉంటే, డుర్వాలుమాబ్ జోడీ వైపు మొగ్గడమే క్షేమం. ఈ ఎండోస్కోపీ మాట ఎవరూ ఎత్తకపోతే మీరే ఎత్తండి.

జన్యు పరీక్ష వచ్చేదాకా ఆగండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ లేదా ఆల్క్ జన్యుమార్పు ఉంటే, పీడీ-ఎల్1 ఎంత ఎక్కువున్నా సరే, చెక్‌పాయింట్ మందులు సాధారణంగా సరిగా పనిచేయవు. అక్కడ ఆ జన్యుమార్పును గురిపెట్టే, రోజూ వేసుకునే మాత్రలే మేలు. తొందరపడి పీడీ-1 మందు మొదలెట్టి, ఆ తర్వాత ఈజీఎఫ్ఆర్ ఉందని తెలిసి దాని మాత్ర ఒసిమెర్టినిబ్‌కు మారితే ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చే ముప్పు పెరుగుతుంది. చెక్‌పాయింట్ మందు ఆపినా నెలల తరబడి టి కణాలను అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి ఈ చిక్కు త్వరగా తీరదు. రోగి ఆగలేని స్థితిలో ఉంటే రిపోర్టు వచ్చేదాకా కీమో ఒక్కటే ఇస్తూ, ఆ జన్యుమార్పులు లేవని తేలితే పీడీ-1 మందును రెండో విడత నుంచి కలపొచ్చు. చాలామంది ఆంకాలజిస్టులు చేసేదే ఇది.

మెలనోమాలో బీ-రాఫ్ మార్పు ఉన్నవాళ్లకు లెక్క దాదాపు తిరగబడుతుంది. బీ-రాఫ్‌ను గురిపెట్టే మాత్రలు ముందా, చెక్‌పాయింట్ జోడీ ముందా అని డ్రీమ్‌సెక్ ప్రయోగంలో పోల్చారు. జోడీతో మొదలెట్టినవాళ్లలో రెండేళ్లకు 71.8 శాతం బతికి ఉన్నారు, మాత్రలతో మొదలెట్టినవాళ్లలో 51.5 శాతం. మాత్రలు గడ్డను త్వరగా కరిగిస్తాయి, కానీ ఆ లాభం చాలామందిలో నిలవదు. రోగం ప్రాణం మీదికి వచ్చి వారాల వ్యవధి కూడా లేనప్పుడు మాత్రం మాత్రలే ముందు.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఎంఎస్ఐ లేదా ఎంఎంఆర్ పరీక్ష తప్పనిసరి. డీఎన్ఏ తప్పులు దిద్దే వ్యవస్థ (ఎంఎంఆర్) చెడిపోయిన గడ్డల్లో మార్పులు కుప్పలుగా ఉంటాయి, టి కణాలు వాటిని సులువుగా పట్టేస్తాయి. పాకిన పెద్దపేగు క్యాన్సర్లలో ఇలాంటివి సుమారు 5 శాతమే. కానీ ఆ 5 శాతంలో ఉన్నవాళ్లకు పెంబ్రొలిజుమాబ్‌తో రోగం ఆగిన కాలం 16.5 నెలలు, కీమోతో 8.2, పైగా ఇబ్బందులు కీమోకంటే బాగా తక్కువ. నివొలుమాబ్, ఇపిలిముమాబ్ జోడీని కీమోతో పోల్చినప్పుడు రెండేళ్లకు రోగం పెరగనివాళ్లు 72 శాతం, కీమో వైపు 14 శాతం. మిగతా 95 శాతం మందికి చెక్‌పాయింట్ మందు ఒక్కటే ఇస్తే దాదాపు ఏమీ ఒరగదు. కాస్త కఠినంగా వినిపించినా, ఆ మాట ముందే తెలిస్తే విలువైన నెలలు వృథా కావు. ఈ పరీక్ష ఏ అవయవపు క్యాన్సర్‌కైనా పనికొస్తుంది. 2017 మేలో పెంబ్రొలిజుమాబ్‌కు అమెరికాలో అనుమతి ఇచ్చింది, గడ్డ ఎక్కడ పుట్టిందని చూడకుండా ఈ లక్షణాన్ని చూసే.

పీడీ-ఎల్1 రిపోర్టు చూసేటప్పుడు ఏ కిట్‌తో చేశారో కూడా చూడండి. ఎస్‌పీ142 అనే కిట్ గడ్డ కణాల మీద మిగతావాటికంటే తక్కువ చూపిస్తుంది. ఒకే గడ్డలో ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ ఉండొచ్చు. మెలనోమాలోనైతే ఈ శాతం చూసి మందు మానేయకూడదు.

ఆపరేషన్‌కు ముందా, తర్వాతా

లింఫ్ గ్రంథుల దాకా పాకినా ఇంకా కోసి తీయగలిగే స్థితిలో ఉన్నవాళ్లకు ఇది కొత్తగా తెరుచుకున్న దారి. మెలనోమాలో ఎస్1801 ప్రయోగం చూడండి. రెండు జట్లకూ ఒకే మందు, పెంబ్రొలిజుమాబ్, మొత్తం 18 డోసులు. ఒక జట్టుకు మూడు డోసులు ఆపరేషన్‌కు ముందు, మిగతావి తర్వాత. రెండో జట్టుకు అన్నీ తర్వాతే. రెండేళ్లకు రోగం తిరగబెట్టకుండా, మరే ఎదురుదెబ్బా లేకుండా ఉన్నవాళ్లు మొదటి జట్టులో 72 శాతం, రెండో దానిలో 49. మందు మారలేదు, మోతాదు మారలేదు, ఇచ్చిన సమయమే మారింది. గడ్డ, దాని పక్క గ్రంథులు ఒంట్లో ఉండగా కళ్లెం వదిలితే టి కణాలకు చూసి నేర్చుకోవడానికి శత్రువు ఎదురుగా ఉంటుంది. తీసేశాక ఆ అవకాశం సన్నగిల్లుతుంది. అందుకే సర్జన్ తేదీ ఖరారు చేయకముందే ఆంకాలజిస్టును ఒకసారి కలవమంటాను. ఎంఎంఆర్ చెడిన పురీషనాళ క్యాన్సర్‌లో డొస్టార్లిమాబ్ తీసుకుని ఆరు నెలల చికిత్స పూర్తిచేసిన తొలి 12 మందికీ గడ్డ కనబడకుండా పోయి, ఆపరేషన్, రేడియేషన్ రెండూ తప్పిన సంగతి 2022లో వెలువడింది.

ఎవరు ఆచితూచి అడుగేయాలి

కిడ్నీ, కాలేయం లాంటివి మార్పిడి చేయించుకున్నవాళ్లలో సుమారు 40 శాతం మందిలో ఈ మందులతో ఆ అవయవాన్ని శరీరం తిరస్కరించింది. కిడ్నీ పోతే డయాలసిస్ ఉంది, కాలేయం పోతే ప్రాణమే పోవచ్చు. కీళ్లవాతం, సోరియాసిస్ లాంటివి అదుపులో ఉన్నవాళ్లు ఒక్క పీడీ-1 మందును చాలావరకు తట్టుకుంటారు. పాత రోగం కాస్త రాజుకోవచ్చు. ఇపిలిముమాబ్ వాళ్లకు అంత క్షేమం కాదు. మందు మొదలుపెట్టేనాటికి రోజుకు 10 మి.గ్రా. లేదా అంతకు మించి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లలో ఫలితం తక్కువగా కనిపించింది కాబట్టి, కుదిరితే ముందే తగ్గించుకోవాలి. మధ్యలో వచ్చిన దుష్ఫలితాలకు స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే మాత్రం వెనకాడొద్దు.

మోతాదు గురించి ఒక మాట. పెంబ్రొలిజుమాబ్ మూడు వారాలకోసారి 200 మి.గ్రా. లేదా ఆరు వారాలకోసారి 400 మి.గ్రా.; రెండూ ఒకటే, ప్రయాణం కష్టమైనవాళ్లకు రెండోది మేలు. తల, మెడ క్యాన్సర్‌లో కేవలం 20 మి.గ్రా. నివొలుమాబ్‌ను చిన్న డోసు కీమో మాత్రలకు కలిపి ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పరీక్షించారు. ఏడాదికి 43.4 శాతం బతికారు, మాత్రలు ఒక్కటే వాడినవాళ్లలో 16.3 శాతం. పూర్తి డోసుతో పోల్చలేదు గనక రెండూ సమానమని అనలేం. కానీ పూర్తి డోసు అందని మనిషికి ఇది ఏమీ లేకపోవడంకంటే ఎంతో మెరుగు.

మొదలయ్యాక

మొదటి స్కాన్‌లో గడ్డ పెద్దదైందని కనిపిస్తే గుండె జారిపోతుంది. కొద్దిమందిలో, పదిమందిలో ఒకరికంటే తక్కువలో, టి కణాలు వచ్చి చేరడం వల్ల గడ్డ ఉబ్బి ఆ తర్వాత తగ్గుతుంది. మనిషి తేలిగ్గా ఉండి, ఆకలి, నడక బాగుంటే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ స్కాన్ చేసి నిర్ణయించొచ్చు. మనిషి కూడా నీరసించిపోతుంటే అది నిజమైన పెరుగుదలే అనుకుని మందు మార్చాలి. ఉబ్బేమోలెమ్మని నెలలు గడిపేయకూడదు.

ఇబ్బందులు ఎక్కడైనా రావచ్చు: చర్మం మీద దద్దుర్లు, విరేచనాలు, కాలేయం వాపు, థైరాయిడ్ మందగించడం, పొడి దగ్గు, ఆయాసం. ఇపిలిముమాబ్‌తో పిట్యూటరీ గ్రంథి వాచి విపరీతమైన తలనొప్పి, నీరసం రావచ్చు. గుండె కండరం వాపు నూటికి ఒక్కరిలో కూడా రాదు, కానీ వచ్చినప్పుడు ప్రాణాంతకం. రోజుకు నాలుగైదుసార్లు ఎక్కువ విరేచనమైనా, ఛాతీ పట్టేసినా, కొత్తగా ఆయాసం మొదలైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. థైరాయిడ్ దెబ్బతింటే చాలావరకు జీవితాంతం మాత్ర వేసుకోవాలి, కానీ దానికోసం క్యాన్సర్ మందు ఆపక్కర్లేదు.

తీవ్ర ఇబ్బంది వల్ల జోడీని మధ్యలోనే ఆపేయాల్సి వస్తే అంతా పోయిందని దిగులుపడే కుటుంబాలు చాలా ఉంటాయి. మెలనోమా ప్రయోగాల్లో అలా మొదటి డోసుల దశలోనే ఆపేసినవాళ్లు, కొనసాగించినవాళ్లతో దాదాపు సమానంగా బతికారు. బాగా పనిచేస్తున్న చాలా క్యాన్సర్లలో పీడీ-1 మందును రెండేళ్లకు ఆపుతారు. ఆపిన నెలల తర్వాత కూడా కొత్త ఇబ్బంది మొదలవ్వొచ్చు కాబట్టి, ఏ మందు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా తీసుకున్నారో రాసిన కాగితం ఒకటి రోగి దగ్గర ఎప్పుడూ ఉండాలి. విరేచనాలతోనో ఆయాసంతోనో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు దాన్నే చూపించాలి.